బేస్‌మెంట్‌లో 34 పాత వాక్యూమ్ క్లీనర్లు: ఏవి తెచ్చుకోవాలి, ఏవి వదలాలి?

ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు పంపిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వయసు 46, సొంతూరు గుంటూరు, అమెరికా వెళ్లి పదహారేళ్లయింది. నాన్నగారి ఆరోగ్యం బాగుండక, వచ్చే జూన్‌లో భార్య, తొమ్మిదేళ్ల కూతురితో గుంటూరు వచ్చేస్తున్నారు. ఉద్యోగం గురించో, పాప స్కూలు గురించో ఆయనకు టెన్షన్ లేదు. టెన్షన్ అంతా బేస్‌మెంట్ గురించే. అక్కడ 34 పాత వాక్యూమ్ క్లీనర్లు ఉన్నాయి.

ఆరేళ్ల కిందట పక్కింటి పెద్దావిడ ఇల్లు అమ్మేసి వృద్ధుల హోమ్‌కు వెళ్తూ, తన తల్లి వాడిన హూవర్‌ను ఈయన చేతిలో పెట్టి, దాన్ని చెత్తలో వేయడానికి తనకు మనసొప్పడం లేదన్నారట. ఇంటికి తెచ్చి స్విచ్ వేయగానే వచ్చిన మోతకు, ఎప్పుడో మరిచిపోయిన ఒక రోజు గుర్తొచ్చిందని రాశారు. 1980ల చివర్లో బ్రాడీపేటలో వాళ్లింటికి టై కట్టుకున్న కుర్రాడు యూరోక్లీన్ డెమో ఇవ్వడానికి వచ్చాడు. అప్పుడే దులిపి వేసిన పరుపు మీద మెషీన్ నడిపి, లోపల చేరిన దుమ్మును తెల్లకాగితం మీద పోసి చూపించాడు. అమ్మ ఆ కాగితం వంక చూస్తూ నోట మాట రాక నిలబడిపోయింది. వాయిదాల మీద ఆ నెలే కొన్నారు. ఆ మెషీన్ ఇప్పటికీ గుంటూరు ఇంట్లో అటక మీద ఉంది.

పక్కింటి హూవర్ తర్వాత ఎస్టేట్ సేల్స్, గరాజ్ సేల్స్ (ఇళ్ల దగ్గర పెట్టే పాత సామాన్ల అమ్మకాలు) తిరగడం మొదలైంది. ఇప్పుడు తొమ్మిది హూవర్లు, ఏడు ఎలక్ట్రోలక్సులు, ఐదు కిర్బీలు, మిగతావి యురేకా, ఇంకా పేరు చెరిగిపోయినవి. సగానికి ఏ ఏడాదివో తెలియదు. భార్య మొదట నవ్వి ఊరుకున్నారు. పదిహేను దాటాక ఊరుకోలేదు. "ఎవరెవరి ఇళ్ల దుమ్మో మోసుకొచ్చి మనింట్లో పెట్టావు. కంటెయినర్‌లో ఇవి ఎక్కితే నా సామాను ఎక్కదు" అంటున్నారు.

ఇందులో ఇంకో ముడి ఉంది. గత ఏడాది "1937 నాటి ఒరిజినల్" అని చెప్పి ఒకాయన అమ్మిన ఎలక్ట్రోలక్స్ మోడల్ 30కి ఈయన 475 డాలర్లు ఇచ్చి, ఇంట్లో 60 అని చెప్పారు. తీరా దానితో వచ్చిన పుస్తకం చూస్తే అది అంత పాతదేనా అని అనుమానం వచ్చింది. ఆ బాధ ఆవిడతో చెప్పుకోలేరు. చెప్తే ధర కూడా బయటికి వస్తుంది.

అడిగినవి మూడు. మెషీన్ల అసలు వయసు తెలుసుకునేదెలా? ఇండియాలో ఇవి నడుస్తాయా? ఆవిడను ఒప్పించేదెలా?

* * *

మీరు ఒప్పించడం గురించి అడిగారు. నేను ముందు దుమ్ము గురించి మాట్లాడతాను. ఉత్తరం చివర "పాపకు అప్పుడప్పుడు పిల్లికూతలు వస్తాయి, దీనికీ దానికీ సంబంధం లేదనుకుంటాను" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. సంబంధం ఉండొచ్చండీ. మీ ఆవిడ దుమ్ము అన్నప్పుడు అది విసుగు మాట అని మీరు అనుకున్నారు. ఆవిడ భయం అందులో ఉందని నాకనిపించింది.

మీరుండే చోటికి రెండు గంటల దూరంలో క్యాంటన్ ఉంది. జేమ్స్ మరే స్పాంగ్లర్ అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు ఊపిరి ఆడేది కాదు. ఫ్యాన్ మోటార్, సబ్బుపెట్టె, చీపురుకర్ర, దిండు గలీబు కలిపి తన కోసం ఒక మెషీన్ కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంట్ వచ్చింది. దాన్ని ఇంట్లో వాడి చూసి బాగుందని భర్తకు చెప్పినావిడ సూసన్ హూవర్. తోలు సామాను వ్యాపారం చేసే ఆమె భర్త విలియం హూవర్ పేటెంట్ కొని ఫ్యాక్టరీ పెట్టాడు. మీ తొమ్మిది హూవర్ల వంశం అక్కడ మొదలైంది. ఒక ఉబ్బసం మనిషి ఊపిరి కోసం పుట్టిన వస్తువు, ఇంకో పిల్ల ఊపిరికి అడ్డం పడకూడదు కదా.

పాత మెషీన్ తెచ్చినప్పుడు దాని గుడ్డసంచిలో పాత యజమాని ఇంటి దుమ్ము అలాగే ఉంటుంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకు ముందు ఇళ్లలో తిరిగిన మెషీన్ సంచిలో ఆ పొడి ఉండదని ఎవరూ చెప్పలేరు. అక్కడి ఇళ్లకు వేడిగాలి పంపే ఫర్నేస్ చాలావరకు బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. మీరు కింద సంచి దులిపితే, పైన పాప గదిలోకి ఆ గాలి వెళ్లే అవకాశం ఉంది.

అందుకని ఈ శనివారం నుంచే ఒక పని పెట్టుకోండి. ఒక్కో మెషీన్‌ను గాలి లేని రోజు బయటికి, ఇంటి వెనక్కి తీసుకెళ్లండి. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. సంచిని దులపకండి. మెల్లగా విప్పి, ఉన్నది ఉన్నట్టు ప్లాస్టిక్ కవర్లోకి దించి మూతి కట్టేయండి. సంచి అరుదైనదైతే కవర్ మీద ఏ మెషీన్‌దో రాసి పక్కన పెట్టండి, చివికిపోతే పడేయండి. మెషీన్ లోపలా బయటా తడిగుడ్డతో తుడవండి, మోటార్ జోలికి తడి వెళ్లకూడదు. ఇంకో వాక్యూమ్ పెట్టి దీన్ని శుభ్రం చేయకండి. దానికి హెపా ఫిల్టర్ (సన్నదుమ్మును కూడా పట్టే వడపోత) లేకపోతే సన్నదుమ్మంతా మళ్లీ గాల్లోకే వస్తుంది. అన్నీ అయ్యేదాకా పాపను బేస్‌మెంట్‌లోకి రానివ్వకండి. పిల్లికూతల సంగతి డాక్టరుతో చెప్పేటప్పుడు ఈ మెషీన్ల సంగతి కూడా చెప్పండి.

ఇది చేస్తే మీ ఆవిడ ఒప్పుకుంటారని నేను అనడం లేదు. ఆవిడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేయాల్సిన పని ఇది.

ఇక వయసు కనుక్కోవడం. ఇది నాకు ఇష్టమైన విషయం. తెనాలిలో మా నాన్నగారి మోటార్ వైండింగ్ షాపులో పెరిగాను. ఏ మోటార్ వచ్చినా ఆయన ముందు విప్పేవారు కాదు, బోర్లా తిప్పేవారు. మెషీన్ తన గురించి చెప్పే మాట అడుగునే ఉంటుంది.

ప్లేటు అరిగిపోయి అక్షరాలు కనబడటం లేదని రాశారు. ప్లేటును పొడిగుడ్డతో తుడిచి, మీ పాప పౌడర్ డబ్బాలోంచి చిటికెడు పౌడర్ తీసి దాని మీద వేలితో రుద్దండి. పైన ఉన్నది ఊదేయండి. గుంటల్లో పౌడర్ నిలిచి తెల్లగా అంకెలు లేస్తాయి. గది చీకటి చేసి టార్చిలైటును పక్కనుంచి, ప్లేటుకు దాదాపు ఆనించి వేయండి, ఇంకా బాగా కనబడతాయి. ఫొటో అప్పుడు తీయండి. మోడల్ నంబర్, సీరియల్ నంబర్, ఆంపియర్లు, పేటెంట్ నంబర్ల వరస, ఊరి పేరు, అన్నీ నోట్ చేసుకోండి.

పేటెంట్ నంబర్లు మంచి సాక్షులు. అమెరికా పేటెంట్లలో 10 లక్షల నంబర్ 1911లో, 20 లక్షల నంబర్ 1935లో, 30 లక్షల నంబర్ 1961లో, 40 లక్షల నంబర్ 1976లో వచ్చాయి. వరసలో అన్నిటికన్నా పెద్ద నంబర్ చూడండి. మెషీన్ ఆ ఏడాదికి ముందుది కాలేదు. తర్వాత ఎన్నేళ్లకైనా తయారై ఉండొచ్చు, ఎందుకంటే అదే ప్లేటును కంపెనీలు ఏళ్ల తరబడి కొట్టేవి. అంటే పేటెంట్ మీకు చెప్పేది కింది హద్దు మాత్రమే.

ఊరి పేరు ఇంకో సాక్షి. హూవర్ ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరు మొదట న్యూ బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ పేరు వద్దనుకుని 1918లో నార్త్ క్యాంటన్ అని మార్చుకున్నారు. మీ వాటిలో దేని మీదైనా న్యూ బెర్లిన్ అని కనబడితే దాన్ని పక్కన పెట్టి నాకు మళ్లీ రాయండి. హూవర్ల అడుగున తిరిగే రోలర్ కూడా చూడండి. 1926లో మోడల్ 700తో బ్రష్‌ల పక్కన తివాచీని కొట్టే లోహపు కడ్డీలు వచ్చాయి. పక్కింటి పెద్దావిడ ఇచ్చినదానికి ఆ కడ్డీలు ఉన్నాయన్నారు, కాబట్టి అది 1926కి ఇటువైపుదే. మూత బేకలైట్‌దనీ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్), శరీరం చేతికి అల్యూమినియం కన్నా తేలిగ్గా ఉందనీ రాశారు. అయితే మోడల్ నంబర్ 150 అవునో కాదో చూడండి. హెన్రీ డ్రైఫస్ రూపం దిద్దిన ఆ మోడల్ 1936లో వచ్చింది, దానికి మెగ్నీషియం వాడారు. మెగ్నీషియం అయితే సాండ్ పేపర్, గ్రైండర్ దగ్గరికి రానివ్వకండి. ఆ పొడి అంటుకుంటే ఆర్పడం కష్టం.

వైరును, ప్లగ్గును నమ్మకండి. ఎనభై ఏళ్ల మెషీన్‌కు ఒకే వైరు ఉండటం అరుదు. ఒక మెషీన్ తలకాయ ఇంకోదాని శరీరానికి బిగించి అమ్మడమూ ఉంది. స్క్రూల గాడి చూడండి. గాడిలో పాత రంగు చెదరకుండా ఉంటే ఎవరూ విప్పలేదు. గాడి మెరుస్తుంటే విప్పారు.

ఇప్పుడు మీ మోడల్ 30. పుస్తకం వెనక అడ్రసులో న్యూయార్క్ అన్న మాట తర్వాత రెండంకెల నంబర్ ఉందని, అదేమిటో అర్థం కాలేదని రాశారు. అది పోస్టల్ జోన్. పెద్ద నగరాలకు ఆ నంబర్లు 1943లో ఇచ్చారు. ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. కాబట్టి ఆ పుస్తకం అచ్చయింది ఆ మధ్యలో. 1937లో అయితే కాదు.

అంతమాత్రాన మెషీన్ కూడా ఆ తర్వాతదే అని తేల్చలేం. పుస్తకం ఇంకో మెషీన్‌ది అయి ఉండొచ్చు. ప్లేటు మీద పేటెంట్లు చూడండి. ఏదైనా 22 లక్షలు దాటితే 1940కి ముందుది కానే కాదు. ఇంకోటి, 1942లో యుద్ధం కోసం అమెరికా ప్రభుత్వం ఇళ్ల వాక్యూమ్ క్లీనర్ల తయారీ ఆపించింది. కాబట్టి మీది యుద్ధానికి ముందుదో, తర్వాతదో అయి ఉండాలి. మోడల్ 30 రూపం లురెల్ గిల్డ్ దిద్దింది, అది బయటికొచ్చింది 1937లోనే. కానీ యుద్ధం తర్వాత కూడా చాలా ఏళ్లు అదే మోడల్ తయారైంది. అమ్మినాయన మోడల్ పుట్టిన ఏడాదిని మెషీన్ పుట్టిన ఏడాదిగా చెప్పి ఉండొచ్చు. కావాలని మోసం చేశాడనడానికి మీ దగ్గర ఆధారం లేదు. పేటెంట్లు చూశాక, మర్యాదగా ఒక మెయిల్ రాసి ఫొటోలు పెట్టి అడగండి. కొంత తిరిగి ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోయినా, యుద్ధం తర్వాతది అని తేలినా, ఆ మెషీన్ అందం ఎక్కడికీ పోదు. స్లెడ్జి బండిలా రెండు పట్టాల మీద జారే ఆ వెండి గొట్టాన్ని అమెరికా మ్యూజియంలు డిజైన్ వస్తువుగా దాచుకున్నాయి.

మిగిలింది 475 డాలర్లు.

మీకు మూడు దారులు కనబడుతున్నాయి. మొదటిది చెప్పకుండా అమ్మేసి, వచ్చినంత ఖాతాలో వేయడం. 475 రావడం కష్టం. పైగా ఇల్లు మారేటప్పుడు బ్యాంకు కాగితాలు, పన్ను కాగితాలు అన్నీ ఇద్దరూ కూర్చుని చూస్తారు. అప్పుడు బయటపడితే, ఆవిడ మిగతా 33 ధరలు కూడా అబద్ధమే అనుకుంటారు. రెండోది గుంటూరు చేరాక, అన్నీ సర్దుకున్నాక చెప్పడం. అది వినడానికి బాగుంటుంది. కానీ కంటెయినర్‌లో ఏది ఎక్కించాలి అన్న నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆవిడ తప్పు లెక్క మీద ఒప్పుకున్నట్టు అవుతుంది, అది ఆవిడకు ఇంకా ఎక్కువ బాధ.

మూడోది ఇప్పుడే చెప్పడం. గొడవ అవుతుంది. కొన్నాళ్లు మాటలుండకపోవచ్చు. అయినా నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను, అదీ ఉత్తి మాటగా కాదు, పుస్తకంతో. ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో మెషీన్‌కు ఒక పేజీ. మోడల్, సీరియల్, పేటెంట్లలో పెద్ద నంబర్, ఊరు, ఎవరి దగ్గర కొన్నారు, ఏం పాడైంది, ఏం మార్చారు, ఎంత పెట్టారు. సేకరణ చేసే ఎవరికైనా ఇది కావాలి, ఇది లేకపోతే ఆ బేస్‌మెంట్ పాత సామాన్ల కొట్టే. ఆ పుస్తకంలో ధర అన్న గడి దగ్గరికి వచ్చినప్పుడు మోడల్ 30 పేజీలో మీరు 60 రాయలేరు. ఇన్నాళ్లు మెషీన్ల అసలు వయసు కోసం తాపత్రయపడిన మనిషి అక్కడ తప్పు అంకె వేయలేడు. 475 అని రాసి, ఆ పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టండి. "నీకు 60 అని చెప్పాను, తప్పు చేశాను" అనండి. ఎందుకు చేశారో ఆవిడ అడిగితే చెప్పండి, అడగకపోతే సంజాయిషీలు వద్దు. ఆ పూటే కంటెయినర్ మాట ఎత్తకండి.

ఇండియాలో నడుస్తాయా అన్న ప్రశ్నకు నా జవాబు: నడుస్తాయి, కానీ నేరుగా కాదు. మీ మెషీన్లలో ఉండేది యూనివర్సల్ మోటార్, కార్బన్ బ్రష్‌లు ఉండే రకం. దానికి ఫ్రీక్వెన్సీతో పేచీ లేదు, 60 హెర్ట్జ్ అయినా 50 అయినా ఒకటే. పేచీ వోల్టేజీతో. అక్కడ 120, ఇక్కడ 230. అంత వోల్టేజీ ఇస్తే మోటార్ తట్టుకోదు. మా షాపులో నా చిన్నప్పుడు ఒక బంధువు అమెరికా నుంచి తెచ్చిన చేతి వాక్యూమ్‌కు ప్లగ్గు మార్చి గోడకు పెట్టడం చూశాను. సన్నగా, పైపైకి లేచే ఈల వేసినట్టు అరిచింది. మూడు నాలుగు సెకన్లలో వార్నిష్ కాలిన తీపి వాసన వచ్చింది. విప్పి చూస్తే ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) తీగ నల్లబడి, దాని చివర బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ రేకులు కొన్ని పైకి లేచి ఉన్నాయి. మా నాన్నగారు దాన్ని మళ్లీ చుట్టడానికి రెండు రోజులు కూర్చున్నారు. మీ మెషీన్లకు అలాంటిది జరిగితే చుట్టే ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం.

కాబట్టి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేటు మీద ఆంపియర్లను 120తో గుణించండి. 5 ఆంపియర్లు ఉంటే 600 వాట్లు, దానికి 1000 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే వేడెక్కదు. ప్రయాణాలకు అమ్మే తేలికపాటి కన్వర్టర్లు ఈ మోటార్లకు వద్దు. ఇంకో సంగతి. పాత మెషీన్లలో చాలావాటికి లోహపు శరీరం, రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు. లోపల వైరు తొడుగు పెళుసై రాలితే కరెంటు శరీరానికి వస్తుంది. అందుకని మామూలు ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా, గోడ కరెంటుకూ మెషీన్‌కూ నేరుగా తీగ కలవని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. నడపబోయే ప్రతి మెషీన్‌కు ముందు వైరు మార్పించి, మెగ్గర్‌తో (కరెంటు శరీరానికి కారుతోందేమో కొలిచే మీటర్) ఇన్సులేషన్ చూపించండి. ఏళ్ల తర్వాత మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు, అంటే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లి మెషీన్‌కు చేరేలా, పెట్టే ఇవ్వాలి. బల్బు నిండుగా వెలిగి మోటార్ అసలు కదలకపోతే లోపల షార్ట్ ఉండొచ్చు, ఆపేయండి. ఇది అక్కడా ఇక్కడా ఒకటే సూత్రం.

బేరింగులకు ఇక్కడ ఇబ్బంది లేదు. రింగు మీద నంబర్ చెప్తే చాలామటుకు దొరుకుతాయి. కార్బన్ బ్రష్‌లు పెద్దవి కొని సైజుకు అరగదీయొచ్చు. కష్టమల్లా రబ్బరు బెల్టులు, సంచులు. అక్కడినుంచే తెచ్చుకోవాలి. రబ్బరు కొన్నేళ్లకు గట్టిపడుతుంది, కాబట్టి ఇరవయ్యేళ్లకు సరిపడా తెచ్చి దాచుకోవడమూ కుదరదు.

మీరు ఆలోచించారో లేదో, ఒక విషయం ఉంది. హూవర్, కిర్బీ అప్‌రైట్లు (నిలువు పిడి పట్టుకుని తోసే రకం) గది నిండా పరిచిన తివాచీ కోసం పుట్టాయి. మన మొజాయిక్ మీద, టైల్స్ మీద ఆ తిరిగే బ్రష్ దుమ్మును లాగడం కన్నా ముందుకు చిమ్మడమే ఎక్కువ. గుంటూరు ఇంట్లో రోజూ పని చేసేవి గొట్టం ఉన్న ఎలక్ట్రోలక్సులే. అప్‌రైట్లు తెచ్చుకుంటే చూసుకోవడానికి తెచ్చుకున్నట్టే, అందులో తప్పు లేదు, కానీ ఆవిడతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయని చెప్పకండి.

ఇవన్నీ పెట్టుకుని చూస్తే, 34 ఏం చేయాలి?

అన్నీ తేవచ్చు. కిర్బీలు పోత అల్యూమినియం, బరువు మీకు తెలుసు. కంటెయినర్‌లో చోటు ఎంత పోతుందో మూవర్స్‌తో కొలిపించండి. ఒకే రకం వస్తువులు 34 ఉంటే ఇంటిసామాను అని కస్టమ్స్ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. ఇక్కడ ఎక్కడ పెడతారు? గుంటూరు ఇంట్లో నాన్నగారి మంచం, ఆయనకు చేసేవాళ్లు తిరిగే చోటు ముందు చూడాలి. అటక మీద వర్షాకాలపు తేమలో పాత గుడ్డ, తోలు, క్రోమ్ త్వరగా పాడవుతాయి. అన్నీ తెస్తే మీ ఆవిడ సామాను ఆగిపోతుంది, ఆ మాట ఆవిడ ముందే చెప్పారు.

అన్నీ అమ్మేయవచ్చు. తేలికైన దారిలా ఉంటుంది. నాకు ఇష్టం లేదు. జూన్ లోపల హడావిడిగా అమ్మితే మంచివీ మామూలువీ కలిపి ఎవరో ఒకరు లారీలో ఎత్తుకుపోతారు. ఆరేళ్లు మీరు వెతికి తెచ్చిన వరస చెదిరిపోతుంది. ఇక్కడికొచ్చాక నాన్నగారి సేవలో అలిసిన ఒక సాయంత్రం, "నీ వల్లే" అన్న మాట మీ నోట వస్తుంది. అది రాకుండా చూసుకోవాలి.

స్నేహితుడి గరాజ్‌లో కొన్ని పెట్టి రావచ్చని రాశారు. ఏడాది ఆయన చూస్తాడు. రెండో ఏడాది ఆయన భార్య మీ ఆవిడ అన్న మాటే అంటుంది. పెట్టేటట్టయితే తేదీ చెప్పి పెట్టండి. ఆ తేదీకి తీసుకోకపోతే అమ్ముకోవచ్చు, ఎవరికైనా ఇచ్చేయొచ్చు అని రాసి ఇవ్వండి.

నాకు నచ్చేది ఇంకోటి. నోట్‌బుక్ పూర్తయ్యాక, మీ ఆవిడతో కూర్చుని, కంటెయినర్‌లో ఈ మెషీన్లకు ఎన్ని ఘనపు అడుగులు అన్నది ఆవిడను చెప్పమనండి. ఎన్ని మెషీన్లు అని అడగకండి, ఎంత చోటు అని అడగండి. ఆ చోటులో ఏవి పడతాయో ఎంచుకోవడం మీ ఇష్టం. ఐదు పట్టొచ్చు, ఎనిమిది పట్టొచ్చు. ఇలా అయితే ఆవిడకు ఒక్కో మెషీన్ మీద మీతో వాదించే పని ఉండదు, మీకు ఒక్కోదానికి బతిమాలే పని ఉండదు. పక్కింటి హూవర్, మోడల్ 30, ఇంకా గాలి మీద తేలుతూ వెళ్లే ఆ గుండ్రటి హూవర్ కాన్‌స్టెలేషన్ మీరు ఎలాగూ వదలరు. పాప దాన్ని చిటికెనవేలితో తోస్తుందని రాశారుగా. 1954లో వచ్చిన ఆ మోడల్, తర్వాత తను వదిలే గాలి మీదే తను తేలేలా తయారైంది. దానికి మన నున్నటి నేల అనువుగానే ఉంటుంది.

మిగతావి ఎవరికి? కిర్బీలు అక్కడ చాలా దొరుకుతాయి, వాటి మీద పెట్టింది తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇంకా నడిచేవి ఉంటే వాడుకునేవాళ్లకే ఇవ్వండి, నోట్‌బుక్ పేజీ ఫొటోకాపీతో సహా. అమెరికాలో పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించేవాళ్లకు ఒక సంఘమే ఉంది. ఏటా ఒకచోట కలుస్తారు. వాళ్లకు చూపిస్తే, మీరు పేరు తెలియదన్నవాటికి పేర్లూ దొరకొచ్చు, ఇళ్లూ దొరకొచ్చు. నార్త్ క్యాంటన్‌లో విలియం హూవర్ చిన్ననాటి ఇంటినే మ్యూజియంగా ఉంచారు, దాన్ని వాల్ష్ యూనివర్సిటీ చూసుకుంటోంది. ముందు ఫోన్ చేసి తెరిచే రోజులు కనుక్కుని, ముగ్గురూ కలిసి వెళ్లండి. ఇన్నాళ్లూ మీ ఆవిడ ఈ మెషీన్లను మీ బేస్‌మెంట్‌లోనే చూశారు, దుమ్ముతో సహా. అక్కడ శుభ్రంగా, వరసగా, కథతో చూస్తారు. చూసి మనసు మార్చుకుంటారని కాదు. మీరు దేని వెంట పడ్డారో ఒకసారి కళ్లతో చూస్తారు, అంతే.

ఆవిడ చివరికి ఒక్కటి కూడా వద్దంటే? అప్పుడు కూడా పక్కింటి హూవర్ ఒక్కదాన్ని విమానంలో మీ లగేజీలో తెచ్చుకునే మాట అడగండి. పిడి విప్పి, మోటార్ భాగం బట్టల మధ్య పెడితే ఒక సూట్‌కేసు అవుతుంది. దానికీ కాదంటే, నిజంగా ఆవిడకు ఈ మెషీన్ల మీద కాకుండా ఇంకేదో కోపం ఉందని అర్థం చేసుకుని, దాని గురించి అడగండి. ఉద్యోగం వదిలి, స్నేహితులను వదిలి, అత్తామామల ఇంటికి వస్తున్న మనిషి ఆవిడ. ఆవిడ బేస్‌మెంట్‌లో ఏం వదిలి వస్తున్నారో మీ ఉత్తరంలో లేదు.

చివరగా, ఆ పక్కింటి పెద్దావిడ ఇంకా ఉన్నారని, 88 ఏళ్లని రాశారు. ఈ నెలలోనే వెళ్లి కలవండి. పాపను తీసుకెళ్లండి, నోట్‌బుక్ మొదటి పేజీ తీసుకెళ్లండి. వాళ్లమ్మ ఆ హూవర్‌ను ఎప్పుడు కొన్నారు, ఇంటికొచ్చిన సేల్స్‌మన్ దగ్గరా, షాపులోనా, అప్పుడు ఈవిడ వయసెంత, ఇల్లు ఎక్కడ, ఎవరు రిపేరు చేసేవారు అని అడగండి. ఆవిడ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. తిరిగొచ్చాక గుంటూరుకు ఫోన్ చేసి, అటక మీది యూరోక్లీన్ బిల్లు ఎక్కడైనా ఉందేమో మీ అమ్మగారిని వెతకమనండి. వాయిదా కార్డు ఉంటే ఇంకా మంచిది, దాని మీద తేదీ ఉంటుంది.